వర్క్ అండ్ హాలిడే వీసా మీద బ్రిస్బేన్ వచ్చాను. బండబర్గ్‌లో పని అంటున్నారు, డబ్బు ముందే కట్టాలట. వెళ్ళనా?

గోదారి_గాలి
462 వీసా మీద, అదే ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే మీద, వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మాది రాజమండ్రి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో చేశాను. ఈ వీసాకి లాటరీలా పేర్లు తీసే బ్యాలట్‌లో పేరొచ్చింది. ఏడాది పాటు పని చేసుకుంటూ దేశం చూడొచ్చని ఉద్యోగం మానేసి వచ్చాను. బ్రిస్బేన్‌లో దిగి నెల కావస్తోంది.

పని దొరకలేదు. కేఫ్‌లూ హోటళ్ళూ తిరిగి రెజ్యూమేలు ఇస్తున్నాను. ‘ఇక్కడ ఎక్కడైనా చేశావా’ అంటారు, లేదంటే ‘ఫోన్ చేస్తాం’ అంటారు. చెయ్యరు. వీసాకి చూపించిన ఐదు వేల డాలర్లలో గది బాండు (అదే అడ్వాన్సు), అద్దె, ఇన్సూరెన్సు పోగా సగానికి పైగా అయిపోయింది.

ఒక ఫేస్‌బుక్ గ్రూపులో పోస్టు చూసి మెసేజ్ పెడితే ఒక కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. బండబర్గ్‌లో చిలగడదుంపల ప్యాకింగ్ షెడ్డు, పని గ్యారంటీ అన్నాడు. వాళ్ళ హాస్టల్‌లోనే ఉండాలట. రెండు వారాల అద్దె, బాండు, ‘జాబ్ ఫీజు’ కలిపి 900 డాలర్లు ముందే పంపాలట. ఏబీఎన్ తీసుకోవాలట. జీతం గంటల లెక్కన కాదు, బిన్‌ల లెక్కన, అంటే ఎన్ని పెద్ద డబ్బాలు నింపితే అంత. రేపు సాయంత్రంలోగా పంపకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

ఇంటి దగ్గర చుట్టాలందరికీ ‘పైచదువుకి వెళ్ళింది’ అని చెప్పుకున్నారు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా పీఆర్ (శాశ్వత నివాసం) ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ఈ వీసాకీ పీఆర్‌కీ సంబంధం లేదని వచ్చేముందే చెప్పాను, చెవిన పెట్టలేదు.

డబ్బు పంపనా? ఇక్కడే ఉండి వెతుక్కోనా? వెనక్కి వెళ్ళిపొమ్మని మాత్రం చెప్పకండి.

ఉత్తరాంధ్ర_కుర్రోడు
పంపకు. నేను కూడా 462 మీదే వచ్చాను, ఇదే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉత్తరాన టల్లీలో అరటి తోటలో ఉన్నాను. షిఫ్టుకి టైమైంది, రాత్రికి వివరంగా రాస్తాను. అప్పటిదాకా ఒక్క డాలరు కూడా పంపకు.

మెల్బోర్న్_మామ
అమ్మా, నొచ్చుకోకు, ఉన్నమాట చెప్తున్నాను. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఏడాది ఖాళీ తీసుకుని తిరిగే దేశాల పిల్లల కోసం పుట్టిన వీసా ఇది. వాళ్ళ వెనకాల తీర్చాల్సిన అప్పు ఉండదు, చెల్లెలి పెళ్ళి ఉండదు. ఒక యజమాని దగ్గర ఆరు నెలలకు మించి చెయ్యకూడదు, నాలుగు నెలలకు మించి చదవకూడదు అని షరతులున్న మనిషిని మంచి ఉద్యోగంలోకి ఎవరు తీసుకుంటారు? స్టూడెంట్ వీసా మీద వచ్చి ఉంటే డిగ్రీ అయినా చేతికొచ్చేది. మిగిలిన డబ్బుతో నాలుగు ఊళ్ళు చూసుకుని సంక్రాంతికి ఇంటికి చేరు.

పర్త్_పద్మ
మామగారూ, వెనక్కి వెళ్ళమనొద్దని ఆ పిల్ల చివరి వాక్యంలో రాసింది. మీరు అక్కడిదాకా చదివినట్టు లేదు.

మెల్బోర్న్_మామ
చదివాను పద్మగారూ. చదివే చెప్పాను. ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది, ఇలా ఎంతమందిని చూశానో.

పర్త్_పద్మ
462 మీద వచ్చిన మనవాళ్ళని పన్నెండేళ్ళుగా ఎలా చూశారండీ? మనకి ఈ వీసా తలుపు తెరిచిందే 2024 అక్టోబరులో, ఇండియా, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం పుణ్యాన. ఏడాదికి వెయ్యి మందికే. మొదటిసారి నలభై వేల మందికి పైగా బ్యాలట్‌లో పేర్లు ఇచ్చారు. అంతమందిలో పేరు తగిలిన పిల్లని నెల తిరక్కుండా ఇంటికి పొమ్మంటే ఎలా? ముప్ఫై నలభై లక్షల అప్పు నెత్తిన పెట్టుకోకుండా, పాతిక దాటకుండానే ఒక దేశం చూసే వీలు మన తరంలో ఎవరికి దొరికింది చెప్పండి.

సీమ_సూరీడు
నేను కొంచెం తేడాగా చెప్తా. బండబర్గ్‌లో వర్కింగ్ హాస్టళ్ళు అనేవి నిజంగానే ఉండాయి. తోటలోళ్ళు మనుషులు కావాలంటే హాస్టల్‌కే ఫోన్ చేస్తారు, పొద్దున్నే వ్యాన్‌లో తీసుకుపోతారు. బాండు, ఒక వారం అద్దె ముందు అడగడం మామూలే. నా ఫ్రెంచి రూమ్మేటు అట్లాంటి చోటే ఉండి బాగానే సంపాదించుకుని పోయినాడు. ముందు డబ్బు అడిగినోళ్ళందరూ దొంగలని అనుకోవద్దు.

లెక్కల_మాస్టారు
సూరీడు చెప్పింది హాస్టళ్ళ వరకు నిజమే. కానీ ఆ అమ్మాయికి వచ్చిన ఆఫర్‌లో మూడు చోట్ల తేడా కొడుతోంది. అకౌంట్స్ పనిలో ఉన్నాను కాబట్టి వివరంగా చెప్తాను.

మొదటిది ‘జాబ్ ఫీజు’. పని ఇవ్వడానికి పనిలో చేరేవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఇక్కడ పద్ధతి కాదు. అద్దె అద్దెకి, బాండు బాండుకి. ఉద్యోగానికి రేటు కట్టి అమ్మేవాడి దగ్గరికి పోవద్దు.

రెండోది ఏబీఎన్. అది సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్ళ నంబరు. వాళ్ళు చెప్పిన టైముకి, వాళ్ళ షెడ్డులో, వాళ్ళ సూపర్‌వైజర్ కింద దుంపలు సర్దే మనిషి వ్యాపారి ఎలా అవుతుంది? నువ్వు ఉద్యోగివి. నీకు కావాల్సింది టీఎఫ్ఎన్, అంటే టాక్స్ ఫైల్ నంబరు. అది టాక్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా వస్తుంది, డబ్బు తీసుకుని పెట్టించే ఏజెంట్ అక్కర్లేదు. ఏబీఎన్ మీద చేయిస్తే కనీస వేతనం, సూపర్ అనే పింఛను పొదుపు, గాయాల బీమా అన్నీ ఎగ్గొట్టడానికి వాళ్ళకి దారి దొరుకుతుంది.

మూడోది బిన్‌ల లెక్క. ఒకప్పుడు తోటల్లో ఎంత కోస్తే అంతే కూలి ఉండేది. 2022 ఏప్రిల్ 28 నుంచి హార్టికల్చర్ అవార్డు, అంటే తోట పనుల జీతాల నిబంధనలు, మారింది. బిన్‌ల లెక్కన ఇచ్చినా సరే, పని చేసిన గంటలకి కనీస గంట రేటు పడి తీరాలి. ఎక్కువ కోస్తే ఎక్కువ, తక్కువ కోస్తే మాత్రం ఆ రేటుకి తగ్గడానికి లేదు. దేశం మొత్తానికి కనీస వేతనం 2025 జులై 1 నుంచి గంటకి 24.95 డాలర్లు. క్యాజువల్‌గా చేస్తే మామూలుగా దాని మీద 25 శాతం కలుస్తుంది. నీ పనికి కచ్చితంగా ఎంతో, జీతాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ వాళ్ళ పే కాలిక్యులేటర్‌లో చూసుకో.

గోదారి_గాలి
మాస్టారూ, ఏబీఎన్ అంటే బ్యాంకు నంబరు లాంటిదేదో అనుకున్నాను. టీఎఫ్ఎన్‌కి అప్లై చేశాను, ఇంకా రాలేదు. అది లేకుండా పనిలో చేరొచ్చా?

లెక్కల_మాస్టారు
చేరొచ్చు. చేరాక 28 రోజుల్లోగా నంబరు ఇవ్వాలి, లేకపోతే పన్ను బాగా ఎక్కువ కోస్తారు. ఇంకొకటి, ఫారంలో ‘టాక్స్ ఫ్రీ త్రెషోల్డ్ కావాలా’ అనే చోట అవును అని టిక్కు పెట్టకు. మొదటి 18,200 డాలర్ల మీద పన్ను లేకపోవడం అనేది ఇక్కడి రెసిడెంట్ల సంగతి. నీ వీసాకి మొదటి డాలరు నుంచే 15 శాతం, 45,000 దాకా. ఆ రేటు పడాలంటే యజమాని టాక్స్ ఆఫీసు దగ్గర వర్కింగ్ హాలిడే మనుషుల్ని పెట్టుకునేవాడిగా నమోదు అయి ఉండాలి. చేరేముందే అడుగు.

ఓరుగల్లు_బిడ్డ
చెల్లే, రెజ్యూమే ఎట్ల రాసినవ్? ఒకసారి చెప్పు.

గోదారి_గాలి
కాల్ సెంటర్‌లో వాడిందే అక్కా. నాలుగు పేజీలు. ఫొటో, నాన్నగారి పేరు, పదో తరగతి మార్కుల నుంచి అన్నీ ఉన్నాయి.

ఓరుగల్లు_బిడ్డ
గదే మరి. ఫొటో తీసెయ్. పుట్టిన తేదీ, నాయిన పేరు, మార్కులు ఏం వద్దు. ఒక్క పేజీ చాలు. పైననే నీ ఫోన్ నంబరు, ఏయే రోజులు ఎన్ని గంటలు చెయ్యగలవో రాయి. వాళ్ళు ముందు చూసేది గదే. కాల్ సెంటర్ల పని చిన్నది కాదు, కోపంగున్న కస్టమర్‌తోని మాట్లాడుడు వచ్చని రాయి.

రెజ్యూమే ఇచ్చెటందుకు పన్నెండింటికి పోకు. లంచ్ రష్‌ల ఎవ్వరు నీ మొకం చూడరు. రెండున్నర, మూడింటికి పో. మేనేజర్‌ను అడుగు, చేతికే ఇయ్యి. బార్ ఉన్న చోట చెయ్యాలంటే ఆర్ఎస్ఏ సర్టిఫికెట్ ఉండాలె, మందు పోసెటోళ్ళకు అది తప్పదు. క్వీన్స్‌లాండ్‌ల ఆన్‌లైన్‌ల చేసుకోవచ్చు. నేను హోటల్ కిచెన్ల చేస్తున్న, మా దగ్గరకొచ్చే రెజ్యూమేలల్ల సగం నాలుగు పేజీలవే, ఒక్కటి గూడ ఎవ్వరు చదవరు.

ట్రయల్ అని పిలిచి నాలుగైదు గంటలు ఉత్తగ చేపించుకుంటే ఊకోకు. చెయ్యి తిరుగుతదా లేదా అని కాసేపు చూసుడు వేరే. షిఫ్టు మొత్తం చేపిస్తే పైసలు ఇయ్యాలె.

నూజివీడు_రసాలు
పదో తరగతి మార్కులు చూసి కాఫీ ఎలా పెడతారో వీళ్ళకి తెలిసిపోతే బాగుండేది. నాకు లెక్కల్లో 98 😀

ఓరుగల్లు_బిడ్డ
నీకు కాపుచినో ఎవ్వరు ఇయ్యరు పో 😂

సీమ_సూరీడు
ఇన్ని తిప్పలెందుకు, బ్రిస్బేన్‌లో మనోళ్ళ రెస్టారెంట్లు ఉండాయి కదా. తెలుగులో మాట్లాడితే రేపే పనిలో పెట్టుకుంటారు. తిండి కూడా కలిసొస్తుంది.

సిడ్నీ_సీతాకోక
మనవాళ్ళ హోటల్ అనే నేను చేరాను. ఏ ఊరో, ఎవరిదో చెప్పను. గంటకి పదిహేను డాలర్లు, చేతికే. పే స్లిప్పు అడిగితే ‘మన పిల్లవి కదమ్మా, మన మధ్య ఈ కాయితాలెందుకు’ అన్నారు. శుక్ర శనివారాల్లో అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమించి, బయల్దేరేటప్పుడు ఇంత బిర్యానీ డబ్బాలో పెట్టిచ్చేవాళ్ళు. ఆ బిర్యానీ చూసి కడుపు నిండేది కాదు, ఏడుపొచ్చేది. బయట ఒక బేకరీలో చేరాక తెలిసింది, చట్టప్రకారం నాకు రావాల్సింది దానికి రెట్టింపు అని. మన భాష మాట్లాడితే మనవాళ్ళే అనుకోవద్దు.

సీమ_సూరీడు
అందరూ అట్లా ఉండరు అక్కా. మా ఓనర్ అణా పైసలతో ఇస్తాడు, పే స్లిప్పు ఫోన్‌కి వస్తుంది.

సిడ్నీ_సీతాకోక
ఉండరు తమ్ముడూ. అందుకే ఎవరి దగ్గరైనా పే స్లిప్పు అడగమంటున్నాను. జీతం ఇచ్చిన మర్నాటికల్లా స్లిప్పు ఇవ్వాలని రూలు. ఇచ్చేవాడైతే మొహమాటం లేకుండా ఇస్తాడు.

ఉత్తరాంధ్ర_కుర్రోడు
షిఫ్టు అయింది. స్నానం చేసి కూర్చున్నాను. పైన అందరూ రాసింది చదివాను, మాస్టారు రాసినవి మళ్ళీ రాయను.

గాలి గారూ, ముందు ఒక పని చెయ్యండి. క్వీన్స్‌లాండ్‌లో మనుషుల్ని తోటలకి సరఫరా చేసే కాంట్రాక్టర్‌కి లేబర్ హైర్ లైసెన్సు ఉండి తీరాలి. 2018 నుంచి చట్టం ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ కాంట్రాక్టర్‌ని కంపెనీ పేరు అడిగి అక్కడ వెతకండి. పేరు లేకపోతే మాట్లాడ్డం కూడా దండగ.

రెండోది, నీకు రెండో ఏడాది కావాలో వద్దో ఇప్పుడే ఆలోచించుకోవాలి. సారీ, నువ్వు అనేశాను. మా చెల్లెలి వయసు అనిపించింది.

గోదారి_గాలి
నువ్వు అనండి అన్నా, పరవాలేదు.

ఉత్తరాంధ్ర_కుర్రోడు
సరే చెల్లీ. రెండో ఏడాది వీసా కావాలంటే మూడు నెలలు ‘స్పెసిఫైడ్ వర్క్’, అంటే ప్రభుత్వం చెప్పిన చోట్ల చెప్పిన రకం పని, చెయ్యాలి. బ్రిస్బేన్ కేఫ్‌లో ఏడాదంతా చేసినా అది లెక్కలోకి రాదు. కెయిర్న్స్ కేఫ్‌లో చేస్తే వస్తుంది, అది ఉత్తర ఆస్ట్రేలియా కిందికి వస్తుంది కాబట్టి. బండబర్గ్ మకర రేఖకి దిగువన ఉంది. అక్కడ తోట పని, ప్యాకింగ్ లెక్కకి వస్తాయి, హోటల్ పని రాదు. పిన్‌కోడ్‌తో సహా వీసాలు చూసే హోమ్ అఫైర్స్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరో చెప్పారని కాకుండా అక్కడ చూసుకో. పే స్లిప్పులు లేకపోతే మూడు నెలలు కష్టపడ్డావని చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండదు. నీ కాంట్రాక్టర్ ఇస్తానంటున్న పనిలో అసలు చిక్కు అదే.

పని ఎలా ఉంటుందంటే, మా దగ్గర మగవాళ్ళు గెల భుజాన మోస్తారు. ఒకడు కత్తితో కోస్తాడు, ఇంకొకడు భుజం పెట్టి పట్టుకుని ట్రైలర్ మీదికి చేరుస్తాడు. మొదటి వారం రాత్రుళ్ళు భుజం కింద పెట్టి పడుకోలేకపోయాను. ఆడపిల్లల్ని ఎక్కువగా షెడ్డులో పెడతారు, హస్తాలు విడదీయడం, డబ్బాల్లో సర్దడం. అరటి ఏడాది పొడుగునా ఉంటుంది, సీజన్ అయిపోయిందని ఇంటికి పంపరు. కానీ వాన! టల్లీలో 1950లో 7.9 మీటర్లు కురిసిందని దానికి గుర్తుగా ఊళ్ళో అంత ఎత్తు గమ్‌బూటు బొమ్మ నిలబెట్టారు. మాది పాలకొండ, వాన కొత్త కాదు. అయినా ఇక్కడి వానకి దండం పెట్టాను.

కొత్త_పాస్‌పోర్ట్
అన్నా నేను వచ్చే బ్యాలట్‌కి పేరు ఇద్దామనుకుంటున్నాను. ఐఈఎల్‌టీఎస్ ఎంత కావాలి?

ఉత్తరాంధ్ర_కుర్రోడు
సగటు 4.5 చాలు తమ్ముడూ. బ్యాలట్ ఫీజు 25 డాలర్లు. పేరొస్తే 28 రోజుల్లో అసలు వీసాకి అప్లై చెయ్యాలి, దానికి వేరే ఫీజు. 31 నిండకూడదు, డిగ్రీయో లేదా కనీసం రెండేళ్ళ పైచదువో ఉండాలి. దీనికి వేరే థ్రెడ్ పెట్టు, ఇక్కడ చెల్లి సంగతి తేలనీ.

నూజివీడు_రసాలు
నేను రాయాల్సింది నేనూ రాస్తాను. మామిడి. నాకు తెలిసిందల్లా అదే.

డిసెంబరు వస్తోంది. బోవెన్‌లో కోతలు ఆఖరికొస్తాయి, మరీబాలో మొదలవుతాయి. కెయిర్న్స్ నుంచి కొండెక్కితే గంట ప్రయాణం. కోతకీ ప్యాకింగ్‌కీ బోలెడు మంది కావాలి. పైగా అది ఉత్తరమే కాబట్టి తోట పని చేసినా, హోటల్ పని చేసినా రెండో ఏడాదికి లెక్కకొస్తుంది. కెయిర్న్స్‌లో హోటల్ పని కోసం ఇప్పుడు వెళ్తే మాత్రం లాభం లేదు. అక్కడ జనం వచ్చేది జూన్ నుంచి అక్టోబరు దాకా, ఇప్పుడు వానాకాలం.

ఇక్కడ కెన్సింగ్టన్ ప్రైడ్ అనే రకం ఎక్కువ, బోవెన్ మామిడి అని కూడా అంటారు. ఇంకోటి ఆర్టూఈటూ (R2E2). దాని పేరేంటా అనుకున్నాను. ప్రయోగాల తోటలో ఆ చెట్టున్న వరస నంబరునే పేరుగా ఉంచేశారట. కాయ కిలో దాకా తూగుతుంది. మన రసాల ముందు నిలవదు, ఇది మాత్రం నేను ఎక్కడైనా చెప్తాను.

సొన గురించి నీకు చెప్పక్కర్లేదు, గోదావరి పిల్లవి. ఇక్కడి పిల్లలకి తెలియదు. తొడిమ తుంచగానే చిమ్మే సొన మొహాన పడి బొబ్బలెక్కి ఏడుస్తారు. కోత యంత్రం మీద సబ్బునీళ్ళు కొడుతూనే ఉంటారు, సొన కడిగెయ్యడానికి. పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, టోపీ. ఒంటికి పడకపోతే ప్యాకింగ్ షెడ్డు అడుగు. మొదటి రోజు నేను తొడిమ పట్టుకున్న తీరు చూసి సూపర్‌వైజర్ ‘నీకెవరు నేర్పారు’ అన్నాడు. మా తాత అన్నాను.

మెల్బోర్న్_మామ
తాత తోట వదిలేసి పరాయివాళ్ళ తోటలో కాయలు కొయ్యడానికి ఇంత దూరం రావాలా అని నాకు బాధ. పిల్లల్ని ఎగతాళి చెయ్యడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

నూజివీడు_రసాలు
మామగారూ, తాత తోట ఎక్కడికీ పోలేదు. ఏడాదికి వెళ్ళి మళ్ళీ అందులోకే దిగుతాను. ఇక్కడ కోసిన కాయని చల్లబరిచే గదులు, సైజులవారీగా వేరుచేసే లైను, కాయ దెబ్బతినకుండా షెడ్డు దాకా చేర్చే పద్ధతి కళ్ళారా చూస్తున్నాను. మా ఊళ్ళో సగం కాయ దెబ్బ తగిలే రేటు పోతుంది. డబ్బులిచ్చి మరీ నేర్పుతుంటే ఎందుకు కాదనాలి?

మెల్బోర్న్_మామ
నీ విషయం వేరు బాబూ, నీకు తోట ఉంది. ఆ అమ్మాయికి ఏడాది తర్వాత ఏముందో చెప్పు. నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు.

పర్త్_పద్మ
ఉద్యోగం చేసిన పిల్ల, మళ్ళీ తెచ్చుకోగలదు. మామగారితో వాదన తర్వాత పెట్టుకుంటాను.

గాలీ, ఇవి మాత్రం మర్చిపోకు. ఏ హాస్టల్‌కి వెళ్ళినా ఆడపిల్లల గది అడుగు. పనికి తీసుకెళ్ళే బండి ఎవరిది, ఎంత తీసుకుంటారు అన్నది ముందే మెసేజ్‌లో రాయించుకో. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వకు, చూపించు, ఫొటో తీసుకోనివ్వు, అంతే. మీ ఇంట్లో ఒకరికి లొకేషన్ ఎప్పుడూ కనిపించేలా పెట్టు. చేరగానే బయటికి వెళ్ళే దారులెన్ని, పొగ అలారం ఉందా, కిటికీకి కమ్మీలున్నాయా చూసుకో. బండబర్గ్ పక్కనే చిల్డర్స్‌లో 2000 జూన్‌లో హాస్టల్ తగలబడి, నీలాగే పండ్లు కోసుకోవడానికి వచ్చిన పిల్లలు పదిహేను మంది పోయారు. భయపెట్టడానికి కాదు, చూసుకోమని చెప్తున్నాను.

మనవాళ్ళకి ఇక్కడ మెడికేర్ వర్తించదు. ఇన్సూరెన్సులో ఆంబులెన్స్ ఉందో లేదో పాలసీ తీసి చూడు. నర్సుని, ఆ బిల్లు చూసి కళ్ళు తిరిగినవాళ్ళని నేను చూశాను.

గోదారి_గాలి
అందరూ చెప్పినట్టే చేశాను. కంపెనీ పేరు అడిగితే చాలాసేపటికి ఏదో పేరు పంపాడు. లైసెన్సుల జాబితాలో ఆ పేరు లేదు. అదే చెప్పాను. ‘రెన్యువల్‌లో ఉంది, నమ్మితే రా, లేకపోతే వెళ్ళు’ అన్నాడు. జాబ్ ఫీజుకి రసీదు ఇస్తారా అంటే కాల్ కట్ చేశాడు. పంపలేదు.

మనసు తేలికైంది కానీ భయం పోలేదు. కెయిర్న్స్ దాకా వెళ్ళి అక్కడా పని లేకపోతే?

ఉత్తరాంధ్ర_కుర్రోడు
టికెట్ కొనకముందే ఫోన్లు చెయ్యి. ప్రభుత్వమే నడిపే హార్వెస్ట్ ట్రైల్ సైట్‌లో ఏ ఊళ్ళో ఏ నెలలో ఏ పంటో ఉంటుంది, ఖాళీలూ ఉంటాయి. పెద్ద తోటల ప్యాకింగ్ షెడ్డులకి నేరుగా ఫోన్ చెయ్యి. ‘ఎప్పుడు మొదలు, ఎన్ని వారాలు, గంటకి ఎంత, ఉండడం ఎక్కడ’ ఈ నాలుగూ అడుగు. కాల్ సెంటర్ మనిషివి, ఈ పని మా అందరికంటే నీకే బాగా వచ్చు.

బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్ దాదాపు 1700 కిలోమీటర్లు, మనకి విజయవాడ నుంచి ఢిల్లీ ఎంతో అంత. పోయి చూద్దాంలే అనుకునే దూరం కాదు.

ఓరుగల్లు_బిడ్డ
గంతవరకు బ్రిస్బేన్‌ల రెజ్యూమేలు ఇచ్చుడు ఆపకు. బస్సు, రైలు యాభై సెంట్లే కదా ఇప్పుడు, ఊరంత తిరుగు. రూం ఖాళీ చేసేముందు నీ బాండు ఎక్కడుందో చూడు. ఇక్కడ బాండు ఇంటి ఓనర్ జేబుల ఉండొద్దు, అద్దె బాండ్లు చూసే సర్కారు ఆఫీసు ఆర్‌టీఏ దగ్గర జమ చెయ్యాలె.

గోదారి_గాలి
నా బాండు ఆర్‌టీఏలో లేదక్కా. లీజు ఉన్నామె ఫోన్‌పేలో ఇండియా అకౌంట్‌కి వేయించుకుంది.

ఓరుగల్లు_బిడ్డ
గా ఫోన్‌పే స్క్రీన్‌షాట్ భద్రంగ పెట్టు. ఆమెకు మెసేజ్‌లనే రాయి, ఫోన్ల మాట్లాడకు: ఫలానా తేదీకి ఖాళీ చేస్తున్న, నా బాండు గింత, వాపస్ ఇయ్యి అని. ఇయ్యకుంటే ఆర్‌టీఏకు ఫోన్ చేసి ఏం చెయ్యాల్నో అడుగు. చానా మంది గా పేరు వినంగనే ఇచ్చేస్తరు.

సిడ్నీ_సీతాకోక
ఫెయిర్ వర్క్ నంబరు 13 13 94 కూడా దాచుకో. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే 131 450కి చేసి తెలుగు దుబాసీ కావాలని అడుగు. జీతం ఎగ్గొట్టాడని ఫిర్యాదు చేస్తే వీసా పోతుందని బెదిరించేవాళ్ళుంటారు. ఫిర్యాదు చేసేవాళ్ళ వీసాకి ఇప్పుడు రక్షణలున్నాయి.

పర్త్_పద్మ
మరి నాన్నగారి సంగతి? పీఆర్ అని అడుగుతున్నారన్నావు.

గోదారి_గాలి
నిన్న అమ్మ ఫోన్ చేసింది. అక్కడ ఏడైతే ఇక్కడ పదకొండున్నర, నిద్రమత్తులో ఉన్నాను. నాన్నకి ఫోన్ ఇమ్మన్నాను. ‘ఏడాది పని చేసి, చూడాల్సింది చూసి వస్తాను. చదువుకి కాదు, పీఆర్‌కి కాదు. చుట్టాలకి అదే చెప్పండి’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘తోటలో ఎండ ఎక్కువా’ అని అడిగారు. ‘మామిడి తోట నాన్నా’ అంటే, ‘సొనతో జాగ్రత్త’ అన్నారు.

నూజివీడు_రసాలు
మీ నాన్నగారు మన పార్టీ 🥭

కొత్త_పాస్‌పోర్ట్
ఆవకాయ, కరివేపాకు తెచ్చుకోవచ్చా అక్కా? మా అమ్మ ఇప్పటినుంచే అడుగుతోంది.

పర్త్_పద్మ
తాజా కరివేపాకు తేవద్దు. వీళ్ళ నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే పురుగుకి అది ఆశ్రయం, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. తినేది ఏది తెచ్చినా దిగేటప్పుడు నింపే కార్డులో ‘ఉంది’ అని రాసి చూపించు. చూపించి పోగొట్టుకుంటే పచ్చడే పోతుంది, దాచి దొరికితే జరిమానా.

గోదారి_గాలి
మరీబా నుంచి రాస్తున్నాను. ఒక ప్యాకింగ్ షెడ్డులో ఫోన్ మీదే మాట్లాడి చేరాను. గంటల లెక్క, టీఎఫ్ఎన్ మీద. ఊళ్ళో కారవాన్ పార్కులో ఇద్దరు తైవాన్ అమ్మాయిలతో కలిసి ఉంటున్నాను. పొద్దున ఐదున్నరకి బండి వస్తుంది. రెండో గ్రేడు కాయలు ఏరి పక్కన పెట్టడం నా పని. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. వాళ్ళిద్దరూ అల్లం వేసి నీళ్ళు కాచి ఇస్తారు, నేను చారు పెడతాను. బాండు సగం తిరిగొచ్చింది, మిగతాది ఈ వారం ఇస్తానంది.

మొదటి పే స్లిప్పు వచ్చింది. 15 శాతం కోశారు, సరిగ్గానే ఉంది. కింద ‘సూపర్’ అని ఇంకో అంకె ఉంది, అది నా అకౌంట్‌లో పడలేదు. ఎవరిని అడగాలి?

లెక్కల_మాస్టారు
కంగారు పడకు, అది చేతికిచ్చేది కాదు. నీ జీతానికి పైన యజమాని 12 శాతం సూపర్ ఫండ్‌లో కట్టాలి. పింఛను లాంటి పొదుపు. ఏ ఫండ్‌లో కట్టారో పేరు కనుక్కుని, ఆ ఫండ్ యాప్‌లో నీ పేరుతో లాగిన్ పెట్టుకో. కొందరు స్లిప్పు మీద చూపించి కట్టకుండా వదిలేస్తారు, అందుకని రెండు మూడు నెలలకోసారి పడుతోందో లేదో చూడు. దేశం వదిలి వీసా ముగిశాక ఆన్‌లైన్‌లో వెనక్కి అడగొచ్చు. నీ వీసాకి అందులో 65 శాతం పన్ను పోతుంది, నీకు వచ్చేది మూడో వంతుకి కాస్త పైన. తక్కువే అయినా నీ కష్టం, వదిలెయ్యకు. పని మారినప్పుడు కొత్త ఫండ్ తెరవకుండా ఇదే నంబరు ఇవ్వు, లేకపోతే నాలుగు చోట్ల నాలుగు చిన్న మొత్తాలు పడి ఛార్జీలకే పోతాయి.

గోదారి_గాలి
ఈ రాత్రే లాగిన్ పెట్టుకుంటాను మాస్టారూ. నాతో ఉన్న ఇద్దరికీ ఈ సంగతి తెలియదు, వాళ్ళకీ చెప్తాను.

ఉత్తరాంధ్ర_కుర్రోడు
చెల్లీ, మామిడి అయిపోయాక ఫిబ్రవరిలో ఖాళీ వస్తే చెప్పు. మా షెడ్డులో సర్దే మనుషులు కావాలని మేనేజర్ ఇప్పటినుంచే అడుగుతున్నాడు. గమ్‌బూట్లు మాత్రం నువ్వే కొనుక్కోవాలి.